శత్రువు పేరు మీద ఉన్న ఇల్లు

‘శత్రు ఆస్తి’ అని ప్రభుత్వం ముద్ర వేసిన ఇళ్ళూ స్థలాలూ పొలాలూ దేశమంతటా కలిపి 12,611 ఉన్నాయని 2023లో బయటికొచ్చిన లెక్క. వాటిలో 12,485 పాకిస్తాన్ పౌరులైనవాళ్ళు వదిలిపోయినవి, 126 చైనా పౌరులైనవాళ్ళవి. ఉత్తరప్రదేశ్‌లో 6,255, పశ్చిమ బెంగాల్‌లో 4,088, తెలంగాణలో 158. ఆంధ్రప్రదేశ్ పేరుకు ఎదురుగా ఉన్న అంకె 1. ఆ ఒక్కటిని చూసి ఇది మనకు పట్టని వ్యవహారం అనుకోవడం తేలిక. రాయచోటి నుంచి చూసేవాళ్ళు మాత్రం ఈ లెక్కను తిరగేసి చదవాలి. పరాయి దేశం వెళ్ళినవాళ్ళ ఆస్తి ఇక్కడ పెద్దగా లేకపోవచ్చు, ఇక్కడినుంచి వెళ్ళినవాళ్ళ కష్టార్జితం మాత్రం పరాయి దేశాల్లో చాలా ఉంది. రాయచోటి, రాజంపేట, కోడూరు పల్లెల్లో కువైట్ జీతం మీద గోడ లేచిన ఇళ్ళు ఎన్నో. యుద్ధం వస్తే పరాయివాడి ఆస్తిని ఏం చేయాలన్న ప్రశ్న మనల్ని రెండు వైపులనుంచీ తాకుతుంది. ఒక వైపు జప్తు చేసే దేశపు పౌరులం, ఇంకో వైపు జప్తుకు చిక్కగలిగిన వలస కూలీలం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా, భారత రక్షణ నియమాల కింద, పాకిస్తాన్ పౌరులకు ఇక్కడున్న ఆస్తులన్నీ కస్టోడియన్ అనే అధికారికి దఖలు పడ్డాయి. యుద్ధకాలపు నియమాలు శాశ్వతం కావు కాబట్టి, ఆ ఏర్పాటును నిలబెట్టడానికి 1968లో శత్రు ఆస్తుల చట్టం వచ్చింది. ముంబైలో కస్టోడియన్ కార్యాలయం, కొన్ని నగరాల్లో శాఖలు, పైన కేంద్ర హోంశాఖ. ఇల్లు కూలిపోదు, అద్దెకున్నవాడు ఖాళీ చేయడు, కానీ అద్దె కస్టోడియన్‌కు కట్టాలి. యజమాని అమ్మలేడు, రాసివ్వలేడు. మన జిల్లాల రైతులకు నిషేధిత భూముల 22ఏ జాబితా అంటే వివరించనక్కర్లేదు. పొలం కళ్ళెదుటే ఉంటుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం అది కదలదు. శత్రు ఆస్తి కూడా అలాంటి స్థితిలోనే మొదలైంది. తేడా ఎక్కడంటే, 22ఏ నుంచి తప్పించుకోవడానికి కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే దారైనా ఉంది. శత్రు ఆస్తి విషయంలో అసలు పాపం ఆస్తిది కాదు, యజమాని చేసిన పనిదీ కాదు, అతని పాస్‌పోర్టుది.

ఇక్కడే ఈ వ్యాసం చెప్పదలచిన మాట ఉంది. యుద్ధం చేసేది ప్రభుత్వాలు. నష్టపరిహారం అన్నది ఉంటే అది ఓడిన ప్రభుత్వపు ఖజానా నుంచి రావాలి గానీ, ఆ దేశపు పౌరసత్వం ఉన్నాడన్న ఒక్క కారణంతో మామూలు మనిషి ఇంటిని అమ్మి రాబట్టకూడదు. యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆ ఆస్తిని స్తంభింపజేయడం వేరు, యుద్ధం ముగిశాక అమ్మేసుకోవడం వేరు. మొదటిది జాగ్రత్త. రెండోది చేయని తప్పుకు శిక్ష.

ఈ రెండో అలవాటు చట్టబద్ధమై లోకమంతా పాకింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. 1919 జూన్ 28న సంతకాలైన వెర్సాయ్ ఒప్పందంలోని 297వ అధికరణ ప్రకారం, గెలిచిన దేశాలు తమ గడ్డ మీదున్న జర్మన్ పౌరుల ఇళ్ళూ వ్యాపారాలూ వాటాలూ ఉంచుకుని అమ్ముకోవచ్చు. వచ్చిన సొమ్మును తమకు రావలసిన బాకీల్లో జమ కట్టుకోవచ్చు. ఆస్తి పోగొట్టుకున్నవాడికి పరిహారం ఇచ్చుకునే పూచీ జర్మనీ మీదే పెట్టారు. దివాలా అంచున ఉన్న ప్రభుత్వం ఏమివ్వగలదు? 1923 వచ్చేసరికి జర్మన్ మార్కు అచ్చువేసిన కాగితం పాటి విలువ కూడా చేయలేదు. అమెరికాలో బేయర్ కంపెనీ ఆస్తుల్నీ ‘ఆస్పిరిన్’ తయారీనీ 1918 డిసెంబరులో వేలం వేస్తే స్టెర్లింగ్ ప్రాడక్ట్స్ అనే సంస్థ 53 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అమెరికాలో తన పేరును తాను మళ్ళీ సంపాదించుకోవడానికి బేయర్‌కు 1994 దాకా పట్టింది, అదీ వంద కోట్ల డాలర్లు పోసి.

ఆ చట్టాల నీడ మన ఊళ్ళ మీద కూడా పడింది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఆగస్ట్ మిలియస్ 1865లో సూళ్ళూరుపేటలో మొదలుపెట్టిన మిషన్, తర్వాత నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు విస్తరించింది. మన కోడూరు కూడా ఆ మిషన్ పటంలో ఉండేది. 1914లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వానికి ఆ బడులు నడిపే జర్మన్లు శత్రువులయ్యారు. నిర్బంధించారు, తర్వాత ఓడెక్కించి పంపేశారు. యుద్ధం అయ్యాక ఆ కేంద్రాలు అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ చేతికి వెళ్ళాయి. ఆ పరంపరే నేడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘం. ఈ చరిత్రలో ఆగి చూడవలసిన చోటు ఒకటుంది. ప్రతి ఆస్తినీ అమ్ముకోవచ్చన్న అదే వెర్సాయ్ ఒప్పందం, 438వ అధికరణలో మిషన్ ఆస్తులను మినహాయించింది. వాటిని వేలం వేయకూడదు, అదే మతశాఖకు చెందిన ధర్మకర్తలకు అప్పగించాలి, అవి ఏ పనికోసం ఏర్పడ్డాయో ఆ పనికే వాడాలి అని రాశారు. బడి నడిచింది, ఆసుపత్రి నడిచింది, యజమాని మారినా ప్రయోజనం మారలేదు. గెలిచినవాళ్ళు తలచుకుంటే ఆస్తిని మింగకుండా కాపాడే దారి కనిపెట్టగలరని, 1919లోనే కనిపెట్టారని ఈ ఒక్క అధికరణ రుజువు చేస్తుంది. మంగళూరు పెంకుల బాసెల్ మిషన్‌కు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. దాని వ్యాపార సంస్థ కేంద్రం యుద్ధంలో ఏ పక్షమూ పట్టని స్విట్జర్లాండ్. అయినా పనిచేసేవాళ్ళలో జర్మన్లు ఎక్కువని పెంకుల ఫ్యాక్టరీలూ మగ్గాలూ స్వాధీనం చేసుకుని కామన్‌వెల్త్ ట్రస్ట్ అనే కొత్త కంపెనీకి అప్పగించారు. అమ్మడం ఒకసారి అలవాటైతే శత్రువెవరు, తటస్థుడెవరు అని చూసే ఓపిక ఉండదు.

మన దేశపు కథకు వస్తే, పాఠకులు తరచూ కలిపేసుకునే రెండు మాటలున్నాయి. హైదరాబాద్‌లో ‘కాందిశీకుల భూములు’ అని పేరుబడ్డవి వేరు, శత్రు ఆస్తులు వేరు. దేశ విభజన వేళ, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళ ఆస్తులకు 1950 నాటి కాందిశీకుల ఆస్తుల చట్టం వర్తించింది. ఆ ఆస్తులతో అక్కడినుంచి ఇక్కడికి వచ్చిన నిరాశ్రయులకు పునరావాసం కల్పించారు. రెండు వైపులా ఇళ్ళు పోయాయి, రెండు వైపులా ఎవరో ఒకరు వాటిలో చేరారు. అందులో ఒక లెక్క ఉంది. 1954 మే 7 తర్వాత కొత్తగా ఏ ఆస్తినీ ఆ చట్టం కిందికి తేకూడదని గడువు కూడా పెట్టారు. ఆ గడువు దాటాక పిల్లల దగ్గరికని, ఉద్యోగానికని, పెళ్ళి సంబంధమని కరాచీ వెళ్ళి అక్కడి పౌరులైన హైదరాబాదీల ఇళ్ళు 1965 దాకా వాళ్ళవే. ఆ ఏడాది యుద్ధంతో ఒక్క ఉత్తర్వు దెబ్బకు శత్రు ఆస్తులయ్యాయి. తెలంగాణలో 158, ఆంధ్రలో ఒక్కటి అన్న తేడాకు మూలం ఇక్కడే వెతకాలి. కరాచీతో బంధుత్వాలు నిజాం రాజధానికి ఉన్నంతగా కడప, కర్నూలు జిల్లాలకు లేవు.

1966 జనవరి 10న తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ప్రకటనలో ఈ ఆస్తుల మాట ఉంది. యుద్ధం కారణంగా రెండు పక్షాలూ స్వాధీనం చేసుకున్న ఆస్తుల వాపసు గురించి చర్చిస్తామని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే 1966లో ఇద్దరి దృష్టిలోనూ ఇవి తిరిగి ఇవ్వవలసినవి. ఆ చర్చలు ఏ ఒడ్డుకూ చేరలేదు. పాకిస్తాన్ తన దగ్గరున్న భారతీయుల ఆస్తులను 1971 నాటికే అమ్మేసింది. అక్కడ ఆస్తి పోగొట్టుకున్న భారతీయులకు మన ప్రభుత్వం, రుజువైన క్లెయిములో నాలుగో వంతు, అదీ గరిష్ఠంగా 25 లక్షల రూపాయల దాకా, సానుభూతి సాయంగా ఇచ్చింది.

‘వాళ్ళు అమ్మేసుకున్నారు, మనం ఎందుకు మడికట్టుకుని కూర్చోవాలి’ అన్నది ఈ విషయంలో అందరికంటే గట్టిగా వినిపించే వాదన. అందులో బలం లేకపోలేదు. లాహోర్‌లోనో ఢాకాలోనో ఇల్లు పోయిన కుటుంబం కళ్ళలోకి చూసి దాన్ని తోసిపుచ్చడం కష్టం. కానీ ఆ వాదనను చివరిదాకా తీసుకెళితే తేలేదేమిటి? పాకిస్తాన్ ప్రభుత్వం చేసిన అన్యాయానికి పాకిస్తాన్ ప్రభుత్వం ఏమీ చెల్లించలేదు. చెల్లించింది హైదరాబాద్‌లోనో లక్నోలోనో ఇల్లున్న మూడో మనిషి. ఢాకాలో నష్టపోయినవాడికైనా ఆ సొమ్ము పూర్తిగా చేరిందా అంటే, చేరింది నాలుగో వంతు. ఇద్దరు పౌరులు నష్టపోయారు, రెండు ప్రభుత్వాల ఖజానాలూ కులాసాగా ఉన్నాయి. సాటికి సాటి అంటే ఇది కాదు.

పరాయివాళ్ళ కోసం రాసిన చట్టం ఎంత త్వరగా సొంత పౌరుల ఇంట్లోకి అడుగుపెడుతుందో చెప్పడానికి మహ్మూదాబాద్ కేసు ఒక్కటి చాలు. ఉత్తరప్రదేశ్‌లోని మహ్మూదాబాద్ రాజా 1957లో పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నారు. భార్య, కొడుకు భారత పౌరులుగా ఇక్కడే ఉండిపోయారు. 1965లో లక్నోలోని బట్లర్ ప్యాలెస్‌తో సహా ఆస్తులన్నీ కస్టోడియన్ చేతికి వెళ్ళాయి. తండ్రి 1973లో లండన్‌లో చనిపోయారు. కొడుకు మహ్మద్ అమీర్ మహ్మద్ ఖాన్ ఇక్కడే పెరిగి, ఇక్కడే కాంగ్రెస్ తరఫున శాసనసభకు ఎన్నికైన మనిషి. వారసత్వం కోసం మూడు దశాబ్దాలకు పైగా పోరాడితే, 2005 అక్టోబరు 21న సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. కస్టోడియన్ చూసుకునేవాడే గానీ యజమాని కాడని, భారత పౌరుడైన వారసుడు శత్రువు కాడని తేల్చింది. ఆ తీర్పును వెనక్కి తిప్పడానికి 2010లో ఒక ఆర్డినెన్సు, 2016లో ఒకే ఏడాది అయిదు ఆర్డినెన్సులు వచ్చాయి. చివరికి 2017 మార్చిలో పార్లమెంటు సవరణ చట్టం చేసింది. అది 1968 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. శత్రువు చనిపోయినా, పౌరసత్వం మార్చుకున్నా ఆస్తి శత్రు ఆస్తిగానే ఉంటుంది. వారసుడు భారత పౌరుడైనా కాకపోయినా ‘శత్రువు’ అన్న నిర్వచనంలోకి వస్తాడు. వారసత్వ చట్టాలు ఈ ఆస్తులకు వర్తించవు. సివిల్ కోర్టుల్లో దావా వేయడానికి వీల్లేదు. బాధితుడు కేంద్ర ప్రభుత్వానికే అర్జీ పెట్టుకోవాలి, అక్కడ కాదంటే అరవై రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వెళ్ళాలి. తన దేశంలో ఓటేసే మనిషిని, తన శాసనసభలో కూర్చున్న మనిషిని, ఆస్తి విషయంలో మాత్రం శత్రువు అనడం ఈ చట్టంలోని అన్నిటికంటే బాధాకరమైన వాక్యం.

నవాబుల కోటల గురించి కన్నీళ్ళెందుకని కొందరడుగుతారు. భోపాల్ నవాబు కూతురు ఆబిదా సుల్తాన్ పాకిస్తాన్ వెళ్ళినందుకు నటుడు సైఫ్ అలీ ఖాన్ కుటుంబపు ఆస్తి చిక్కుల్లో పడిందన్న వార్త చదివి పెద్దగా చలించనివాళ్ళు చాలామందే ఉంటారు. వేల ఎకరాల జమీందారీ భూమి దున్నేవాడికి దక్కాలని కోరుకోవడం న్యాయమే, అందుకు భూపరిమితి చట్టం ఉంది. ధనికుడి దగ్గర భూమి తీసుకోవాలంటే ధనికుడు గనుక తీసుకోవాలి, అందరు ధనికుల దగ్గరా తీసుకోవాలి. పైగా శత్రు ఆస్తి అన్న వల ఎప్పుడూ పెద్ద చేపల దగ్గర ఆగదు. 1962 చైనా యుద్ధం తర్వాత అస్సాం, బెంగాల్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న చైనా సంతతివాళ్ళను సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. చెప్పులు కుట్టేవాళ్ళు, వడ్రంగులు, చిన్న హోటళ్ళవాళ్ళు. ఏళ్ళ తర్వాత విడుదలై ఊరు చేరేసరికి కొందరి ఇళ్ళూ దుకాణాలూ వేలంలో పోయాయి. తూర్పు పాకిస్తాన్‌లో 1965 నాటి శత్రు ఆస్తుల చట్టం అక్కడి హిందూ రైతుల మీద పడింది. అన్నదమ్ముల్లో ఒకడు కలకత్తా వెళితే చాలు, ఇంట్లో మిగిలినవాళ్ళ వాటా కూడా శత్రువుదైపోయేది. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1974లో దాని పేరు ‘దఖలు పడ్డ ఆస్తి’గా మారింది, పని మారలేదు. వాపసు చట్టం తేవడానికి 2001 దాకా పట్టింది. ఆ హిందువుల పక్షాన మనం అడిగే న్యాయాన్నే ఇక్కడ మన పౌరులైన వారసులకూ ఇవ్వాలి. గీత ఒకచోట గీసి ఇంకోచోట చెరపలేం.

మరో అభ్యంతరం భద్రత గురించి. శత్రుదేశపు పౌరుడి చేతికి అద్దెలూ డివిడెండ్లూ వెళితే అవి తుపాకులు కొనవా? కొనవచ్చు. అందుకే యుద్ధకాలంలో స్తంభింపజేయడాన్ని ఎవరూ తప్పుపట్టరు. డబ్బు దేశం దాటకుండా ఖాతాలో ఆపేయవచ్చు. కానీ భారత పౌరుడైన వారసుడికి ఇచ్చిన ఇల్లు సరిహద్దు దాటిపోదు.

యుద్ధ నష్టాన్ని పౌరుల ఇళ్ళు అమ్మకుండా రాబట్టిన దారి కూడా ఉంది, అది రాయచోటి పరిసరాల జనం కళ్ళెదుట నడిచింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 1,70,000 మందికి పైగా భారతీయులను విమానాల్లో స్వదేశం చేర్చారు. ప్రాణాలతో వచ్చారు, కానీ బాకీ జీతం, సర్వీసు ముగిస్తే రావలసిన మొత్తం, బ్యాంకులో దాచినది, గదిలో సామాను అక్కడే మిగిలాయి. కువైట్‌లో మనవాళ్ళకు భూమి కొనే హక్కు ఎలాగూ లేదు, వాళ్ళ ఆస్తి అంటే అదే. 1991 ఏప్రిల్‌లో భద్రతా మండలి 687వ తీర్మానం చేసి, ఈ నష్టానికి ఇరాక్ ప్రభుత్వమే బాధ్యురాలని తేల్చింది. ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ఏర్పడింది. ఇరాక్ అమ్మే చమురు ఆదాయంలో ముప్పై శాతం దాకా దానికి జమ చేయించారు. విదేశాల్లో ఇరాకీ పౌరుడెవడికైనా ఉన్న ఇంటిని ముట్టుకోలేదు. అంతకంటే ముఖ్యమైన నిర్ణయం చెల్లింపుల వరుసది. దేశం విడిచి పారిపోవలసి వచ్చిన మామూలు మనుషుల క్లెయిములకు ‘ఏ’ వర్గం అని పేరు పెట్టి, పెద్ద కంపెనీలకంటే, ప్రభుత్వాలకంటే ముందు వాటిని తీర్చారు. ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకే వర్గంలోనూ అడగనని రాసిచ్చినవాళ్ళకు 4,000, 8,000. ఏం పోయిందో రసీదులు చూపించమని పీడించలేదు, ఆ రోజుల్లో అక్కడినుంచి వచ్చేశానని రుజువైతే చాలు. రసీదులు దాచుకునే అలవాటు లేని తాపీ పనివాడికీ, ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషికీ ఆ నిబంధన ఎంత మేలో వేరే చెప్పాలా? మన విదేశాంగ శాఖలో ప్రత్యేక కువైట్ సెల్ పెట్టి ఆ అర్జీలు పంపారు. 2022 జనవరిలో చివరి వాయిదా చెల్లేసరికి ఆ సంఘం 15 లక్షల క్లెయిములకు 5,240 కోట్ల డాలర్లు పంచింది.

దీనిలోనూ లోపం ఉంది, దాచి లాభం లేదు. ఆంక్షల కింద మందులకు కటకటలాడిన ఇరాక్ జనం చమురులోంచే ఆ సొమ్ము పోయింది, ఏళ్ళ తరబడి పోయింది. అయినా భారం దేశమంతటి మీదా పరచుకుంది, ఏ ఒక్క కుటుంబం ఇంటి మీదో వాలలేదు. నష్టపోయినవాడు చేయి చాచిన చోటు, నష్టం చేసిన ప్రభుత్వం. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్‌లో స్తంభించిన రష్యా కేంద్ర బ్యాంకు నిధుల మీద నడుస్తూ వచ్చిన తర్జనభర్జన కూడా ప్రభుత్వపు సొమ్ముకూ పౌరుడి ఆస్తికీ మధ్య ఉన్న ఈ గీత చుట్టూనే. ప్రభుత్వపు సొమ్ము పట్టుకోవడానికే అన్ని సందేహాలుంటే, పౌరుడి ఇంటి విషయంలో ఎంత జంకాలి!

మన దగ్గర అమ్మకం మొదలైంది. 2018 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో 152 కంపెనీలలోని 7.52 కోట్ల శత్రు వాటాలు అమ్మితే 2,708.9 కోట్ల రూపాయలు వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో విప్రో వాటాలు ఒక్కొక్కటి 258.90 రూపాయల చొప్పున పోయాయి, కొన్నవాటిలో ఎల్ఐసీ కూడా ఉంది. 1,699 గ్రాముల బంగారం, దాదాపు 29 కిలోల వెండి కూడా అమ్మారు. ఎవరివో గాజులు, ఎవరివో పళ్ళేలు. తర్వాత వంతు ఇళ్ళదీ పొలాలదీ. పాకిస్తాన్ మాజీ అధ్యక్షుడు పర్వేజ్ ముషారఫ్ పూర్వికుల ఊరని చెప్పే బాగ్‌పత్ జిల్లా కోటానాలో 13 బీఘాల పొలం 2024 సెప్టెంబరు వేలంలో 1.38 కోట్లకు పోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, లక్నో నగరపాలక సంస్థ పన్నుల కేసులో, శత్రు ఆస్తి కేంద్ర ప్రభుత్వపు సొంతం కాదని, కస్టోడియన్ ధర్మకర్త లాంటివాడేనని, కాబట్టి ఆస్తి పన్ను కట్టాల్సిందేనని చెప్పింది. పన్ను కట్టేటప్పుడు సొంతం కానిది, అమ్మేటప్పుడు సొంతం ఎలా అవుతుంది? ధర్మకర్త అన్న మాటకు అర్థం ఉండాలంటే అమ్మిన సొమ్ము మామూలు ఖజానాలో కలవకుండా విడి ఖాతాలో, ఎవరి ఆస్తికి ఎంత వచ్చిందో పేరుపేరునా కనిపించేలా ఉండాలి. సరిహద్దుకు అవతల నష్టపోయిన భారతీయులకు మిగిలిన మూడు వంతులు అందులోంచి రావాలి. భారత పౌరుడైన వారసుడిని ‘శత్రువు’ నిర్వచనం నుంచి తీసేయాలి, సివిల్ కోర్టు తలుపు తెరవాలి. ఇవేవీ పాకిస్తాన్ ఒప్పుకుంటే తప్ప జరగని పనులు కావు.

ఇప్పుడున్న పద్ధతిలో పల్లెల్లో కోటి రూపాయల లోపు, నగరాల్లో అయిదు కోట్ల రూపాయల లోపు విలువ చేసే ఆస్తి అయితే, అందులో ఉంటున్నవాళ్ళను కొంటారా అని ముందుగా అడుగుతారు. ఆ నిబంధన మంచిదే, ఏళ్ళ తరబడి అద్దెకున్న పేదవాణ్ణి రోడ్డున పడేయకుండా ఆపుతుంది. హైదరాబాద్‌లోని ఆ ఇళ్ళ తలుపు తట్టినప్పుడు అధికారి అద్దెకున్నవాణ్ణి అడుగుతాడు. అదే నగరంలో రెండు వీధుల అవతల, ఓటరు కార్డూ ఆధార్ కార్డూ ఉన్న ఆ ఇంటి యజమాని మనవరాలు ఉన్నా, ఆమెను అడగవలసిన పని చట్టం ప్రకారం లేదు.